చార్జింగ్ తినేదెవరు, ఫోన్‌ని లేపేదెవరు?

(హైదరాబాద్‌లో క్యాబ్, ఆటో, డెలివరీ పనివాళ్ళ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకి, ఆదివారం పొద్దున బేరాలు వదులుకుని వచ్చిన అన్నలకి, అక్కలకి నమస్కారం. శాలువాలూ పరిచయాలూ చివర్లో పెట్టుకుందాం. మధ్యాహ్నం భోజనాల రష్ మొదలయ్యేలోపు మీరంతా మళ్ళీ లాగిన్ అవ్వాలి, ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుస్తోంది.

నాకిచ్చిన విషయం 'ఫోన్ చార్జింగ్ పొదుపు'. పొదుపు ఎలా అని అడిగితే ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకోండి అని చెప్పి దిగిపోవచ్చు. మీకు కావాల్సింది అది కాదు. ఆర్డర్ రావాలి, మోగాలి, మ్యాప్ నడవాలి, రాత్రి పదింటి దాకా ఫోన్ బతకాలి. ఈ నాలుగూ ఒకదానితో ఒకటి పడవు. దేన్ని ఎంత వదులుకోవాలన్నదే అసలు లెక్క.

ముందు ఒక అలవాటు సంగతి. సిగ్నల్ దగ్గర బండి ఆగగానే వేలు రీసెంట్స్ మీదికి, అంటే ఇటీవల తెరిచిన యాప్‌ల వరస మీదికి, పోతుంది. యాప్‌లన్నీ ఒక్కొక్కటే పైకి తోసేయడం, లేదా 'క్లియర్ ఆల్' కొట్టడం. ఇక చార్జింగ్ దిగదని ధీమా. అన్నా, అక్కడ కనిపించే వాటిలో చాలావరకు నడవట్లేదు. ర్యామ్‌లో, అంటే ఫోన్ తాత్కాలిక మెమరీలో, ఊరికే పడుకుని ఉన్నాయి. ర్యామ్ నిండా ఉన్నా, ఖాళీగా ఉన్నా అది తినే కరెంటు దాదాపు అంతే. చోటు చాలకపోతే పాతవాటిని ఆండ్రాయిడే తీసేస్తుంది, అందుకు లోపల వేరే ఏర్పాటు ఉంది. మీరు తోసేసిన యాప్‌ని రెండు నిమిషాల్లో మళ్ళీ తెరుస్తారు కదా, అప్పుడు మొదటి నుంచీ లోడ్ అవ్వాలి. ప్రాసెసర్ పూర్తి జోరుతో పని చేయాలి, స్టోరేజ్ చదవాలి, సర్వర్‌ని మళ్ళీ పలకరించాలి. పొదుపు చేశామనుకున్న చోటే ఖర్చు. హ్యాంగ్ అయిన యాప్‌ని తోసేయండి, తప్పు లేదు. మిగతావాటి జోలికి పోకండి.

దీనికంటే పెద్ద నష్టం ఇంకోటుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో రీసెంట్స్ నుంచి తోసేస్తే ఆ యాప్‌ని 'ఫోర్స్ స్టాప్' చేసినట్టే లెక్క. అలా ఆగిన యాప్‌కి, మీరు చేత్తో మళ్ళీ తెరిచేదాకా, నోటిఫికేషన్ రాదు. ఆర్డర్ సర్వర్ నుంచి బయల్దేరుతుంది, మీ ఫోన్ దాకా వస్తుంది, లోపల తీసుకునేవాడు ఉండడు. 'నాకు ఆర్డర్లు పడట్లేదు, ఐడీ మీద ఏదో చేశారు' అని ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్ళలో కొందరి పరేషాన్ ఇక్కడే మొదలవుతుంది. అందరిదీ అని అనను.

మరి చార్జింగ్ తినేదెవరు? మొదటిది స్క్రీన్. లెక్క చూడండి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే 5 ఆంపియర్ అవర్లు, దాన్ని 3.85 వోల్టులతో హెచ్చిస్తే సుమారు 19 వాట్ అవర్లు. ఫోన్ సగటున 2 వాట్లు తింటే తొమ్మిదిన్నర గంటలు వస్తుంది. 1 వాటుకి దించగలిగితే పంతొమ్మిది గంటలు. ఎండలో బ్రైట్‌నెస్ నిండా పెట్టి మ్యాప్ తెరిచి ఉంచితే ఆ 2 వాట్లు దాటిపోతుంది. తెలిసిన రూటే అయితే స్క్రీన్ ఆపేయండి. స్క్రీన్ ఆఫ్‌లో ఉన్నా గూగుల్ మ్యాప్స్ గొంతుతో దారి చెబుతూనే ఉంటుంది. డార్క్ మోడ్ అందరికీ పనికొస్తుందనుకోకండి. ఓఎల్ఈడీ స్క్రీన్‌లో నల్లటి చోట దీపం వెలగదు కాబట్టి లాభం. అది కూడా బ్రైట్‌నెస్ ఎక్కువున్నప్పుడే. చవక ఫోన్లలో ఉండే ఎల్‌సీడీకి వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, రంగు మారిస్తే ఒరిగేదేమీ లేదు.

రెండోది నెట్‌వర్క్. ఇది ఎవరికీ కనిపించని ఖర్చు. ఒక చిన్న నోటిఫికేషన్ రావాలన్నా మోడెమ్, అంటే టవర్‌తో మాట్లాడే చిప్పు, లేవాలి. అది వచ్చి వెళ్ళిపోయాక మోడెమ్ వెంటనే పడుకోదు. 4జీలో మామూలుగా ఇంకో పది సెకండ్ల దాకా మేలుకునే ఉంటుంది, ఇంకేమైనా వస్తుందేమోనని. ప్యాసింజర్ దిగిపోయాక కూడా ఇంజన్ ఆపకుండా నిలబడ్డ ఆటో అన్నమాట. అందుకే పెద్ద వీడియో ఒకేసారి దిగితే అయ్యే ఖర్చు వేరు, నిమిషానికొకటి చొప్పున చిల్లర మెసేజ్‌లు వస్తే అయ్యే ఖర్చు వేరు. రెండోదాంట్లో మోడెమ్‌కి నిద్రే ఉండదు. సిగ్నల్ తక్కువైతే ఇది ఇంకా పెరుగుతుంది. టవర్‌కి వినబడాలని ఫోన్ గట్టిగా అరవాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్లు, లిఫ్టులు, మాల్ కింది అంతస్తు పార్కింగ్ అన్నీ ఈ కోవలోవే. ఆర్డర్ కోసం ఎదురుచూసేటప్పుడు సెల్లార్లో నీడగా ఉందని కూర్చోకండి. ర్యాంప్ పైకి వచ్చి కూర్చోండి, చార్జింగూ మిగులుతుంది, ఆర్డరూ పడుతుంది. మీ ఏరియాలో 5జీ వచ్చి పోతూ ఉంటే సిమ్ సెట్టింగ్స్‌లో 4జీకి మార్చుకోండి. రీచార్జ్ లేకుండా పడి ఉన్న రెండో సిమ్‌ని ఆఫ్ చేయండి, సిగ్నల్ దొరక్కపోతే అది వెతుకుతూనే ఉంటుంది.

రెండు మూడు కంపెనీలకి ఒకేసారి ఆన్‌లైన్‌లో ఉండేవాళ్ళు అడుగుతారు, జీపీఎస్ రెండింతలు తింటుందా అని. తినదు. చిప్పు ఒక్కటే, లొకేషన్ ఒకసారి దొరికితే దాన్నే అందరికీ పంచుతుంది. రెండింతలయ్యేది దాన్ని ఎవరి సర్వర్‌కి వాళ్ళు పంపే ఖర్చు. పైన 'మీరు ఆన్‌లైన్‌లో ఉన్నారు' అని వదలకుండా ఒక నోటిఫికేషన్ కనిపిస్తుంది కదా, దాన్ని చూసి విసుక్కోకండి. వెనక ఆపకుండా పని చేసే యాప్ ఆ సంగతి మీకు చూపించి తీరాలని ఆండ్రాయిడ్ నియమం. అది మాయమైతే ఒకసారి యాప్ తెరిచి చూసుకోండి.

ఇప్పుడు అసలు మాటకొస్తున్నాను. అధ్యక్షులవారు చీటీ పంపారు, బ్యాటరీ మార్పిడి గురించి కూడా చెప్పమని. చెబుతానండీ, ముందు ఇది కానివ్వండి.

2015లో ఆండ్రాయిడ్ 6తో 'డోజ్' అని ఒక ఏర్పాటు వచ్చింది. ఫోన్ కదలకుండా, స్క్రీన్ ఆరిపోయి ఉంటే యాప్‌లన్నింటినీ పడుకోబెడుతుంది. అవసరం లేని మెసేజ్‌ని తర్వాత ఇస్తుంది. సర్వర్ 'అర్జెంట్' అని ముద్ర వేసి పంపితే మాత్రం వెంటనే లేపుతుంది. ఆర్డర్‌కి, ఓటీపీకి, కాల్‌కి ఆ ముద్ర కావాలి. న్యాయమే. మరి 'ఈ వీకెండ్ బిర్యానీ మీద ఆఫర్', 'మిమ్మల్ని మిస్ అవుతున్నాం' అని వచ్చేవాటికి ఆ ముద్ర ఎందుకు? ఎవరి చార్జింగ్‌తో ఎవరు ప్రచారం చేసుకుంటున్నారు? ఒక్కోటి వచ్చినప్పుడల్లా మోడెమ్ లేవాలి, ప్రాసెసర్ లేవాలి, స్క్రీన్ వెలగాలి, వైబ్రేషన్ మోటార్ తిరగాలి. హ్యాండిల్ మీదున్న ఫోన్ వెలిగితే కన్ను రోడ్డు మీంచి పక్కకి పోతుంది, ఆ లెక్క ఎంఏహెచ్‌లలో రాదు.

2017లో ఆండ్రాయిడ్ 8 వచ్చినప్పుడు నోటిఫికేషన్లని రకాలుగా విడగొట్టమన్నారు. ఆర్డర్లు ఒక రకం, చెల్లింపులు ఒక రకం, ఆఫర్లు ఒక రకం. మీకు అక్కర్లేని రకాన్ని మీరు ఆపుకోవచ్చు. ఎంత మంచి ఏర్పాటు! కొన్ని యాప్‌లు ఏం చేశాయి? అన్నింటినీ 'జనరల్' అని ఒకే సంచీలో పోశాయి. ఆఫర్ ఆపితే ఆర్డర్ కూడా ఆగుతుంది. ఆ భయంతో మీరు ఏదీ ఆపరు. ఎస్సెమ్మెస్ ప్రచారాలు ఆపాలంటే 1909 నంబర్ (డీఎన్‌డీ) ఉంది. యాప్ నోటిఫికేషన్లకి అది వర్తించదు. మీ సంఘం కంపెనీలకిచ్చే కోర్కెల కాగితంలో రేట్లు, ఇన్సూరెన్సు ఉంటాయి, ఉండాలి. దాని కింద ఒక్క లైను రాయండి: 'ఆర్డర్ నోటిఫికేషన్ వేరే రకంగా విడగొట్టాలి, ఆఫర్లకి అర్జెంట్ ముద్ర వేయకూడదు.' కంపెనీకి పైసా ఖర్చు లేదు. మళ్ళీ చెబుతున్నాను, పైసా ఖర్చు లేదు.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది చేద్దాం. అందరూ ఫోన్లు తీయండి. ఇప్పుడే, ఇక్కడే. అక్కా, మీరు కూడా. పైనుంచి కిందికి లాగండి. ఏదైనా ఆఫర్ నోటిఫికేషన్ ఉందా? దాన్ని వేలితో నొక్కి పట్టుకోండి. అది ఏ రకమో పేరు కనిపిస్తుంది. 'ఆఫర్స్' అనో 'ప్రమోషన్స్' అనో ఉంటే ఆఫ్ చేయండి. 'జనరల్' అని ఉంటే ముట్టుకోకండి, పని యాప్ అయితే అసలు ముట్టుకోకండి. షాపింగ్, గేమ్, లోన్ యాప్‌లైతే మొత్తంగా ఆపేయండి. ఇప్పుడు సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్ళి, మీ పని యాప్ తెరిచి, బ్యాటరీ నొక్కండి. 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టండి. షియోమీ ఫోన్లలో 'ఆటోస్టార్ట్' కూడా ఆన్ చేయాలి. సామ్‌సంగ్‌లో 'డీప్ స్లీపింగ్' జాబితాలో పని యాప్ ఉందేమో చూసి తీసేయండి. ఈ సౌకర్యం పని యాప్‌లకి మాత్రమే. పది యాప్‌లకి ఇస్తే ఎవరికీ ఇవ్వనట్టే.

బ్యాటరీ మార్పిడి సంగతి గబగబా చెప్పేస్తాను. 30 శాతం చూపిస్తూనే ఫోన్ ఆరిపోతే అది యాప్‌ల తప్పు కాదు, బ్యాటరీ ముసలిదైంది. లోపల కరెంటుకి అడ్డు (నిరోధం) పెరిగి, ఫోన్ మీద పని భారం పడగానే వోల్టేజ్ పడిపోతుంది. దాన్ని తొందరగా ముసలి చేసేది వేడి. మే నెల ఎండలో హ్యాండిల్ మీద, చార్జర్ పెట్టి, మ్యాప్ నడుపుతూ ఉంటే మూడు వేడులూ ఒకచోటే. ఫోన్ వేడెక్కిందని చార్జింగ్ ఆపేస్తే చార్జర్ మార్చకండి, నీడకి తీసుకెళ్ళండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల చెమ్మ పడుతుంది. వెనక మూత లేచిందంటే బ్యాటరీ ఉబ్బింది. నొక్కి మూయొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, ఫోన్లు బాగుచేసే జగదీష్ మార్కెట్‌కో సర్వీస్ సెంటర్‌కో పోండి. పవర్ బ్యాంక్ కొనేటప్పుడు పైన పెద్దగా రాసిన 10,000 చూడకండి. కింద చిన్న అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని 6,000 దగ్గర ఉంటుంది. మీకందేది అదే.

ప్రశ్నలుంటే ఇటు ఎడమవైపుకి రండి. వచ్చేటప్పుడు సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం పేజీ తెరిచి తీసుకురండి. ఏ యాప్ ఎంత తిన్నదో అందులోనే ఉంటుంది, అది చూడకుండా నేను చెప్పేదంతా ఊహే అవుతుంది.