ఏ ‘ఫ్రీ’ అని అడిగితే జవాబు చెప్పండి

వేదిక మీది పెద్దలకు, ఈ సభ ఏర్పాటు చేసిన మిత్రులకు, ఇంత దూరం వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులకు నమస్కారం.

సెప్టెంబరు 30 అనువాద దినోత్సవం. బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ కన్నుమూసిన రోజు. ఆయన గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ ముందు ఒక పార్కింగ్ యాప్ సంగతి చెప్పనివ్వండి.

యాప్ హైదరాబాదులో తయారైంది. గ్రీసులోనూ విడుదల చేయాలన్నారు. గ్రీకు అనువాదకులకూ మన ప్రోగ్రామర్లకూ మధ్య మనిషిని నేను. ఏథెన్స్‌లోని అనువాదకురాలికి మేం పంపిన ఎక్సెల్ షీటులో ఒక గడిలో ‘ఫ్రీ’ అని ఉంది. అంతే. ముందూ వెనకా ఏమీ లేదు. చోటు ఖాళీగా ఉందనా? డబ్బు కట్టక్కర్లేదనా? మొదటిదైతే గ్రీకులో ‘ఎలెఫ్థెరి’, రెండోదైతే ‘దొరెయాన్’. మనకూ అంతేగా, సీటు ఖాళీ, భోజనం ఉచితం.

ఆమె అడిగింది. ‘ఇంగ్లీషులో ఎలా ఉంటే అలాగే పెట్టమనండి’ అన్నారు మావాళ్లు. మళ్లీ అడిగితే జవాబే లేదు. గడువు ముంచుకొచ్చి ఆమె ‘దొరెయాన్’ పెట్టింది. ఆ ఒక్క గడే అన్ని స్క్రీన్లకూ వెళ్లింది. గంటకిన్ని యూరోలని వసూలు చేసే చోట ఖాళీగా ఉన్న ప్రతి స్థలం మీదా ‘ఉచితం’! కార్లు పెట్టుకున్నవాళ్లు గొడవకు దిగారు. ‘గ్రీకు అనువాదం నాసిరకం’ అని మాత్రం పైనుంచి మెయిల్ వచ్చింది. అడిగిన మనిషి మీదే నింద వేశారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

‘ఫ్రీ’ ఒక్కటేనా? ‘ఆర్డర్’ చూడండి. షాపులో ఇచ్చేదైతే ‘పరంగెలియా’, వరుసక్రమమైతే ‘సిరా’, ఆజ్ఞ అయితే ‘ఎందొలి’. అన్నిటికన్నా కష్టం ‘నన్’, అంటే ఏదీ లేదని చెప్పే ఇంగ్లీషు మాట. గ్రీకులో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది. ప్రింటర్ పుంలింగం, ఫొటో స్త్రీలింగం, ఫైలు నపుంసకం. ఏ ప్రింటరూ లేదంటే ‘కనేనస్’, ఏ ఫొటో లేదంటే ‘కమియా’, ఏ ఫైలూ లేదంటే ‘కనేనా’. మీరు ‘నన్’ అని రాసి వదిలేస్తే ఆమె ఏది పెట్టాలి?

వెనక వరుసలో బాబులూ, ఇది మీకే చెబుతున్నాను. ప్రోగ్రాములోని మాటలను అనువాదానికి బయటికి తీసే గెట్‌టెక్స్ట్ వాడతారు కదా. ఒకే ఇంగ్లీషు మాట పది చోట్ల ఉన్నా అది ఒక్క ఎంట్రీగా కలిపేస్తుంది. విడదీయడానికి కాంటెక్స్ట్ అని వేరే గడి ఇచ్చింది. అక్కడ ‘ఖాళీ స్థలం’ అనో ‘రుసుము లేదు’ అనో ఒక్క ముక్క రాయండి, అవి రెండు ఎంట్రీలవుతాయి. కోడ్‌లో ఆ మాటకు ముందు ఒక కామెంట్ రాసి, కామెంట్లనూ తీసుకొమ్మని గెట్‌టెక్స్ట్‌కు చెప్పినా అది అనువాదకులకు చేరుతుంది. అర నిమిషం పని. అడిగితే విసుక్కోవద్దు. దయచేసి విసుక్కోవద్దు! అవతలి మనిషి మీ స్క్రీన్ చూడలేదు.

జెరోమ్ గురించి భోజనాలయ్యాక మాట్లాడుకుందాం. లాప్‌టాప్ తెచ్చినవాళ్లు ఇప్పుడే మీ ప్రాజెక్టు తెరిచి ‘ఫ్రీ’, ‘ఓపెన్’, ‘ఆర్డర్’, ‘నన్’ వెతకండి. నేను కిందికి దిగి మీ దగ్గరికే వస్తున్నాను.