గుంత ఎవురిది?

అందరికీ నమస్కారం. ఈ రోజు గోల్ఫ్ గురించి మాట్లాడతా అంటే మా ఇంట్లోనే నవ్వినారు, తిరపతిలో కూర్చోని గోల్ఫేంది, రేడియోలో ఎవురు వింటారు అని. వినండి, ఎందుకంటే ఇది నిజానికి బురద కథ, బురద సంగతి మనకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు, 2021 నవంబర్ వానలకి ఊరు ఎట్లా అయిపోయిందో చూసినోళ్ళమే కదా అందరం.

మా బావ ఉద్యోగం అయిపోయినాక బెంగళూరులో సెటిల్ అయినాడు. అరవై దాటినాక ఆయనకి గోల్ఫ్ పిచ్చి పట్టింది. నేను పోయినప్పుడల్లా నన్నూ లాక్కుపోతాడు, నాది ఆటకన్నా నడకే ఎక్కువ, పోతే పోనీలే షుగర్‌కి మంచిదని పోతా ఉంటా. మొన్నామధ్య వానల్లో పోయినాం. నలుగురం, నేను, మా బావ, ఆయన ఫ్రెండు ఒకాయన, ఇంకో పెద్దాయన, ఆయన నలభై ఏళ్ళుగా ఆడతా ఉన్నాడంట, ఆ మాట మూడు హోల్స్‌కి ఒకసారి చెప్తాడు. బావ ఏడో నంబర్ ఐరన్ అనే కర్రతో ఒక షాట్ కొట్టినాడు, బాల్ పైకి బాగానే లేచింది గానీ కుడి పక్కకి తిరిగిపోయి గడ్డి పెరిగిన చోట పడింది. క్యాడీ, అంటే కర్రల సంచి మోసేవాడు, మన కుప్పం కుర్రోడే. వాడు చూసి చెప్పినాడు కూడా, "సార్, ఒక్క పిచ్ పడి ఆ పక్కకి పోయింది" అని. ఎవురూ పట్టించుకోలేదు.

పోయి చూస్తే బాల్ ఎర్రమట్టిలో సగానికి పైన దిగిపోయి ఉంది, తెల్లగా నెత్తి మాత్రం కనిపిస్తా ఉంది. బావ వంగి చటుక్కున పీకేసినాడు, ప్యాంటుకేసి తుడిచేసినాడు, "ప్లగ్ అయిందప్పా, ఫ్రీ డ్రాప్" అన్నాడు, అంటే బాల్ నేలలో దిగిపోయింది, పెనాల్టీ లేకుండా పక్కన వదిలి ఆడుకుంటా అని. పెద్దాయన వెంటనే "ఫ్రీ డ్రాపు ఫెయిర్‌వేలో అయితేనే అండీ, రఫ్‌లో లేదు" అన్నాడు, ఫెయిర్‌వే అంటే గడ్డి పొట్టిగా కోసిన చోటు, రఫ్ అంటే గడ్డి పెరిగిన చోటు. బావ ఫ్రెండు ఉండి "బురద అంటుకుంటే ఎక్కడైనా తీసి తుడుచుకోవచ్చు, దానికి గొడవెందుకు" అన్నాడు. ముగ్గురు మనుషులు, మూడు రూల్సు. వెనకాల వచ్చే బ్యాచ్ నడుం మీద చేతులు పెట్టుకోని చూస్తా ఉన్నారు, వీళ్ళు కదలరు. ఆ రాత్రి నేను ఫోన్‌లో రూల్స్ పుస్తకం తీసి కూర్చున్నా, చదివితే తేలింది ఏందంటే ముగ్గురిదీ తప్పే, ఆ కుప్పం పిలగాడు చెప్పిన ఒక్క ముక్కలోనే అసలు సంగతంతా ఉంది.

చెప్తా. గోల్ఫ్ రూల్స్ రాసేది ఇద్దరు, స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ దగ్గరుండే ఆర్ అండ్ ఏ, అమెరికాలో యూఎస్‌జీఏ. వాళ్ళ పుస్తకంలో 16.3 అని ఒక రూలుంది. బాల్ బురదలో ఉందా లేదా అని అది అడగదు. అది అడిగేది గుంత ఎవురిది అని. నువ్వు ఇప్పుడు కొట్టిన షాట్‌కి బాల్ గాల్లో పోయి నేల మీద పడి, ఆ పడిన దెబ్బకి తనే ఒక గుంత చేసుకోని, ఆ గుంతలోనే కూర్చోని, బాల్‌లో కొంత భాగమైనా నేల మట్టం కంటే కిందికి దిగి ఉంటే అది ప్లగ్ అయినట్టు లెక్క. మధ్యలో గడ్డి పోచలు నలిగి ఉన్నా పర్లేదు, బాల్‌కి మన్నే తగలాలని లేదు. మన గుంతపొంగణాల పెనం గుర్తు తెచ్చుకోండి, ఏ గుంతలో పోసిన పిండి ఆ గుంతలోనే కాలాలి, పక్క గుంతలోకి పారిన పిండిని ఎవురూ పొంగణం అనరు. ఇదీ అంతే.

మరి బావ బాల్ ఏమైంది, ఒక్క పిచ్ పడింది, లేచింది, పోయి ఇంకో గుంతలో పడింది. ఆ గుంత అంతకుముందు ఎవురో నడిచినప్పుడు పడిన బూటు గుంత, మడమ ఆకారం నాకే కనిపించింది, బావకి కనిపించలేదంటే నేను నమ్మను. చిన్నప్పుడు గల్లీ క్రికెట్‌లో ఒక్క పిచ్ క్యాచ్ అవుటా కాదా అని ఎంత కొట్లాడుకున్నామో, ఇక్కడ కూడా ఆ ఒక్క పిచ్ మీదే ఉంది అంతా. ఇంకొకరి బాల్ చేసిన గుంతలోకి దొర్లినా అంతే, రిలీఫ్, అంటే ఆ ఫ్రీ డ్రాప్, లేదు. ఎవురైనా చూసుకోకుండా తొక్కి లోపలికి దింపేస్తే అది కూడా ప్లగ్ కాదు, దాని లెక్క వేరే. సరిగ్గా తగలక బాల్ గాల్లోకే లేవకుండా కర్ర దెబ్బకి ముందరున్న మట్టిలోకే దిగిపోయిందనుకోండి, మాలాంటోళ్ళకి అది మామూలే, దానికీ లేదు, ఎందుకంటే అది పైనుంచి వచ్చి పడింది కాదు. కానీ ఒక తమాషా ఉంది, బాల్ పడి, లేచి, వెనక్కి తిరిగే స్పిన్ వల్ల మళ్ళీ వచ్చి తన గుంతలోనే పడితే మాత్రం ఉంది. తన ఇంటికి తను తిరిగొచ్చినట్టు.

పెద్దాయన సంగతి చూస్తే నాకు కొంచెం జాలేసింది. ఆయన చెప్పింది ఒకప్పుడు రైటే. 2018 దాకా రూల్ పుస్తకంలో అట్లానే ఉండేది, గడ్డి పొట్టిగా కోసిన చోట అంటే ఫెయిర్‌వే లాంటి చోట మాత్రమే రిలీఫ్, మిగతా చోట కావాలంటే ఆ క్లబ్బోళ్ళు లోకల్ రూల్ పెట్టుకోవాల. పెద్ద పెద్ద టోర్నమెంట్లలో ఆ లోకల్ రూల్ ఎట్లాగూ పెట్టేసేవాళ్ళు. 2019లో మొత్తం పుస్తకాన్ని తిరగరాసినారు, 34 రూల్స్‌ని 24 చేసినారు, అప్పుడు దీన్ని తిరగేసినారు. ఇప్పుడు రఫ్‌లో కూడా ఉంది, వద్దు ఫెయిర్‌వే వరకే చాలు అనుకునే క్లబ్బే లోకల్ రూల్ పెట్టుకోవాల. పాత బస్సు టైం టేబుల్ పట్టుకోని బస్టాండ్‌లో నిలబడినట్టుంది ఆయన పని. నలభై ఏళ్ళ అనుభవమే ఆయనకి అడ్డమొచ్చింది, కొత్తగా నేర్చుకునేవాడికి ఈ బాధ లేదు.

ఇంకా వెనక్కి పోతే ఇంకా తమాషా. 1744లో ఎడిన్‌బరో ఆటగాళ్ళు మొదటిసారి రూల్స్ రాసుకున్నప్పుడు ఉన్నవి పదమూడే. అందులో నీళ్ళలోనో నీళ్ళ మురికిలోనో బాల్ పడితే బయటికి తీసి ఆడుకోవచ్చు గానీ అవతలివాడికి ఒక స్ట్రోక్, అంటే ఒక దెబ్బ లెక్క, ఇచ్చుకోవాల అని ఉంది. అంటే అప్పుడు బురద కూడా ఊరకే రాలేదు. దాదాపు మూడొందల ఏళ్ళ కిందటి నుంచి ఈ బురద పంచాయితీ నడస్తానే ఉందన్నమాట.

ఇప్పుడు బావ చేసిన అసలు తప్పుకి వస్తా. గుంత ఎవురిదో తెలీనప్పుడు తీసి చూసుకోవచ్చు, దానికి 16.4 అని వేరే రూలుంది, అనుమానానికి కారణం ఉండాల అంతే. కానీ తీసే ముందు ఆ చోట గుర్తు పెట్టాల, నాణెమో, బాల్ నిలబెట్టే టీ పుల్లో ఏదో ఒకటి. తీసినాక తుడవకూడదు. రెండు వేళ్ళతో పట్టుకోని, బురద బురదగానే ఉంచి, గుంతలో వేలు పెట్టి అంచు చూసుకోని, రిలీఫ్ లేదని తేలితే మళ్ళీ అదే గుంతలో పెట్టేయాల. బావ గుర్తు పెట్టలేదు, తుడిచేసినాడు, రెండూ కలిపి ఒక స్ట్రోక్ పెనాల్టీ. అక్కడితో ఆగి వెనక్కి పెట్టి ఉంటే ఒకటితో పోయేది. ఆయన శుభ్రంగా పక్కన డ్రాప్ చేసుకోని కొట్టినాడు కాబట్టి తప్పు చోటి నుంచి ఆడినట్టు, దానికి రెండు స్ట్రోకులు. ఫ్రెండు చెప్పిన ఎక్కడైనా తుడుచుకోవచ్చు అనేది కూడా తప్పే, వానకాలంలో కొన్ని క్లబ్బులు లోకల్ రూల్ పెట్టి ఒప్పుకుంటాయి, అది లేకపోతే హోల్ చుట్టూ నున్నగా కోసిన గ్రీన్ మీద తప్ప ఊరికే తీసి తుడిచే హక్కు లేదు.

రిలీఫ్ నిజంగా వస్తే ఏం చేయాల అంటే, గుంతకి సరిగ్గా వెనకాల ఒక పాయింట్ తీసుకోని, అక్కడి నుంచి ఒక క్లబ్, అంటే ఆడే కర్ర, పొడుగు కొలుచుకోవాల, నీ సంచిలో గ్రీన్ మీద దొర్లించే పటర్ కాకుండా అన్నిటికన్నా పొడుగున్న క్లబ్బుతో. హోల్‌కి దగ్గరగా పోకూడదు. మోకాలి ఎత్తు నుంచి వదలాల. ఈ మోకాలు కూడా 2019లో వచ్చిందే, అంతకుముందు చెయ్యి చాపి భుజం ఎత్తు నుంచి వదిలేవాళ్ళు, 1984కి ముందు అయితే భుజం మీదుగా వెనక్కి వేసేవాళ్ళంట, తలంబ్రాల మాదిరి.

నాకు ఈ భుజానికీ మోకాలికీ అంత తేడా ఏముంటాది అని అనుమానం వచ్చి ఇంటికొచ్చినాక పెరట్లో ట్రై చేసినా. గోల్ఫ్ బాల్ అడ్డకొలత 42.67 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉండకూడదు, బరువు 45.93 గ్రాములు దాటకూడదు, అంటే ఇంచుమించు ఒక నిమ్మకాయ. ముందు రోజు వాన పడింది, కరేపాకు చెట్టు కింద మన్ను మెత్తగా ఉంది. భుజం ఎత్తు నుంచి నిమ్మకాయ వదిలితే మెత్తగా దిగి కూర్చుంది, చుట్టూ అంచు కూడా లేచింది. మోకాలి దగ్గర నుంచి వదిలితే కొంచెం నొక్కుకోని పక్కకి దొర్లింది. మా ఆవిడ కిటికీలోంచి చూసి, అవి రేపు చారులోకి తెచ్చిన కాయలు, కడిగి పెట్టు అనింది. కడిగి పెట్టినా.

బంకర్, అంటే ఇసుక గుంతలో, బాల్ ఎంత లోతుగా దిగినా ఫ్రీ లేదు. హాఫ్ బాయిల్ గుడ్డులో పచ్చసొన మాదిరి ఇసుక మధ్యలో కూర్చుని ఉంటాది, చూస్తే ఏడుపొస్తాది, ఆడాల్సిందే, లేకపోతే ఆడలేనిది అని ఒప్పుకోని ఒక స్ట్రోక్ పెట్టి బంకర్లోనే డ్రాప్ చేసుకోవాల, అదీ వద్దు బంకర్ వెనకాల బయటికి పోయి డ్రాప్ చేసుకుంటా అంటే రెండు స్ట్రోకులు. ఎర్ర కొయ్యలు, పసుపు కొయ్యలు పాతిన పెనాల్టీ ఏరియాలో, అంటే చెరువు, కాలవ లాంటి చోట్లలో, కూడా లేదు. గ్రీన్ మీద గొడవే లేదు, గుర్తు పెట్టి తీసి, తుడిచి, గుంత సరిచేసి మళ్ళీ అక్కడే పెట్టుకోవచ్చు. ఒకటి మాత్రం చాలామందికి తెలీదు, బంకర్ చుట్టూ పైన గడ్డి అంచు ఉంటాది చూడండి, ఆ గడ్డి గట్టు బంకర్ కిందికి రాదు. ఆ గట్టులో బాల్ దిగితే రిలీఫ్ ఉంది. గడ్డి పెళ్ళలు పేర్చి గోడ మాదిరి కట్టిన చోట క్లబ్బు లోకల్ రూల్ పెట్టి లేదనొచ్చు, అది నోటీసు బోర్డులో చూసుకోవాల.

మామూలోళ్ళే కాదు, పెద్ద ప్లేయర్లకి కూడా ఇందులో చెడ్డపేరు వచ్చింది. 2021 జనవరిలో కాలిఫోర్నియాలో టోరీ పైన్స్ అనే చోట టోర్నమెంట్, మూడో రౌండ్, పదో హోల్. ప్యాట్రిక్ రీడ్ బాల్ రఫ్‌లో పడింది. అక్కడున్న వాలంటీర్‌ని బాల్ లేచిందా అని అడిగినాడు, లేవలేదు అనింది ఆమె. ఆయన బాల్ తీసి పక్కన పెట్టి, ఆ తర్వాత రూల్స్ ఆఫీసర్‌ని పిలిచినాడు, ఆఫీసర్ వేలితో గుంత అంచు తడిమి చూసి సరే అన్నాడు. టీవీలో చూస్తే బాల్ ఒక పిచ్ పడి లేచింది! ఇంకేముంది, లోకమంతా దుమ్మెత్తి పోసినారు. కానీ టోర్నమెంట్ నడిపే పీజీఏ టూర్ వాళ్ళు ఆయన తప్పు లేదన్నారు, ఎందుకంటే ఆ క్షణంలో నీకు తెలిసినదాన్ని బట్టి సబబుగా ఒక నిర్ణయం తీసుకుంటే, తర్వాత వీడియోలో వేరేగా కనిపించినా రూలు నిన్ను పట్టుకోదు. ఆయన ఆ టోర్నమెంట్ అయిదు స్ట్రోకుల తేడాతో గెలిచినాడు. అదే రోజు రోరీ మెకిల్‌రాయ్ కూడా పద్దెనిమిదో హోల్‌లో ఇట్లానే బాల్ తీసినాడు, ఆఫీసర్‌ని పిలవనే లేదు, తర్వాత తేలింది ఏందంటే ఒక వాలంటీర్ తెలీకుండా ఆ బాల్‌ని తొక్కినాడంట. ఆయన్ని ఎవురూ పెద్దగా ఏమనలేదు. నా ఉద్దేశం చెప్తా, రీడ్ పిలిచిన వరసలో తేడా ఉంది, బాల్ గుంతలో ఉండంగానే ఆఫీసర్ని పిలిచి ఉంటే నోరెత్తే వాడే లేడు. 2019కి ముందయితే తీసే ముందు తోటి ఆటగాడికి చెప్పి చూపించాలని ఉండేది, అది తీసేసినారు. ఆట తొందరగా సాగాలని తీసేసినట్టున్నారు గానీ, నాకైతే అది ఉంటేనే బాగుండేది అనిపిస్తాది.

మా బావకి ఇదంతా ఆ రాత్రే చెప్పినా. "నువ్వు బామ్మర్దివా లాయరువా" అన్నాడు, స్కోర్ కార్డు మాత్రం దిద్దలేదు. పోయిన ఆదివారం పొద్దున్నే ఫోను, వెనకాల వాన చప్పుడు.

"ఏమప్పా, బాల్ బంకర్ అంచులో దిగింది, ఇస్తారా లేదా?"

"ఇసకా గడ్డా బావా?"

"గడ్డే."

"పైనుంచి వచ్చి నేరుగా దిగిందా, ఎగిరి పడిందా?"

కాసేపు మాట లేదు. తర్వాత ఎవురినో అడగతా ఉండేది వినిపించింది, "ఒరే అబ్బయ్యా, ఒక్క పిచ్ ఏమన్నా పడిందా?" అని. ఆ కుప్పం పిలగాడే. "లేదు సార్, నేరుగా దిగింది" అన్నాడు వాడు.

"అయితే తీసుకో బావా" అన్నా.

"ఉండుండు, ముందు ఆ నోటీసు బోర్డు చూసొస్తా" అని పెట్టేసినాడు.