ఇంజన్ బోరుకొచ్చిందా, గ్యాస్కెట్ పోయిందా? లాన్ ట్రాక్టర్ ఇంజన్ బాగుచేయాలా, మార్చాలా

నమస్తే అండీ. నా వెనక బల్ల మీద రెండు ఇంజన్లు కనిపిస్తున్నాయి కదా. రెండూ లాన్ ట్రాక్టర్లవే, అంటే మీద కూర్చుని గడ్డి కోసే బళ్ళవే. రెండూ సింగిల్ సిలిండర్, 17.5 హార్స్‌పవర్. జబ్బు కూడా రెండిటికీ ఒకటే అనిపించింది: స్టార్ట్ చేయగానే వీధంతా కమ్మేసే పొగ, గడ్డి కోసిన ప్రతిసారీ ఆయిల్ పోయాల్సి రావడం. ఒకటి నాది. రెండోది పక్క వీధిలో ఉండే మన తెలుగు తమ్ముడిది. నాది 40 డాలర్ల గ్యాస్కెట్ సెట్టుతో దారికొచ్చింది. తనది దింపేసి కొత్త ఇంజనే వేశాం. ఒకే పొగ, రెండు రకాల వైద్యం. ఎందుకలా అయిందో ఈ వీడియోలో చూపిస్తాను.

మన ఊళ్ళల్లో బండి పొగ వదిలితే మెకానిక్ ఒకటే మాట అంటాడు: "బోరుకొచ్చింది సార్, ఇంజన్ పని చేయించాలి." బోరుకి రావడమంటే సిలిండర్ లోపలి గోడ అరిగిపోవడం, దాన్ని మళ్ళీ సాపు చేయించడమే బోరు కొట్టించడం. మా నాన్న స్కూటర్‌కి రెండుసార్లు బోరు కొట్టించారు. లేత్ షాపు బస్టాండు పక్కనే ఉండేది, పొద్దున ఇస్తే సాయంత్రానికి కొత్త పిస్టన్‌తో తయారు. అక్కడ అది సరైన లెక్కే, ఎందుకంటే సామాను ఖరీదు ఎక్కువ, కూలీ తక్కువ. ఇక్కడ నార్త్ కరోలినాలో లెక్క తిరగబడుతుంది. మెకానిక్ గంటకి వంద డాలర్ల పైనే అడుగుతాడు. ఇంత చిన్న సిలిండర్‌కి బోరు కొట్టే మెషిన్ షాపు వెతుక్కుంటూ వెళ్ళాలి. అందుకే ఇక్కడ చాలామంది పొగ చూడగానే కొత్త ట్రాక్టర్ కొనేస్తారు. అది కూడా తొందరపాటే. ముందు జబ్బేంటో తెలియాలి.

అసలు ఇంజన్ కంటే ముందు బండిని చూడండి. బ్లేడ్లని కప్పి ఉండే రేకుని డెక్ అంటారు, దాని కింద స్క్రూడ్రైవర్‌తో పొడవండి. రేకు లోపలికి దిగిపోతే తుప్పు తినేసినట్టే. తర్వాత అరగంట గడ్డి కోసి, బాగా వేడెక్కాక ఏటవాలు ఎక్కించండి. చల్లగా ఉన్నప్పుడు బాగానే నడిచి, వేడెక్కాక మూలుగుతూ ఆగిపోతుంటే హైడ్రోస్టాటిక్ గేర్‌బాక్స్, అంటే ఆయిల్ ఒత్తిడితో చక్రాలు తిప్పేది, అయిపోవచ్చింది. డెక్, గేర్‌బాక్స్ రెండూ పోయిన బండికి ఇంజన్ మీద డబ్బు పెట్టకండి. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

బండి బాగుంటే ఇప్పుడు ఇంజన్. ఎక్కువమంది కంప్రెషన్ గేజీ పెట్టి, నంబర్ తక్కువొచ్చిందని కంగారు పడతారు. ఈ ఇంజన్లలో వాల్వుల్ని తెరిపించే క్యామ్‌షాఫ్ట్ మీద కంప్రెషన్ రిలీజ్ అని ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది. స్టార్టర్ తిప్పేటప్పుడు బరువు తగ్గాలని అది ఒక వాల్వును కొద్దిగా తెరిచి పట్టుకుంటుంది. అంటే మంచి ఇంజన్ కూడా గేజీ మీద తక్కువే చూపిస్తుంది. ఆ నంబర్ నమ్ముకుని నిర్ణయం తీసుకోకండి.

మనకి కావాల్సింది ఇదిగో, లీక్‌డౌన్ టెస్టర్. రెండు గేజీలు ఉంటాయి. స్పార్క్ ప్లగ్ తీసి, ఆ కన్నంలో దీన్ని బిగించి కంప్రెసర్ గాలి పంపిస్తాం. ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. వాల్వ్ కవర్ విప్పి, పిస్టన్ ప్లగ్గు వైపు పూర్తిగా వచ్చేదాకా చేత్తో తిప్పండి. వాల్వుల్ని నొక్కే రెండు రాకర్లనీ వేలితో కదిపి చూడండి, రెండూ కాస్త లూజుగా ఆడాలి. అప్పుడే రెండు వాల్వులూ మూసుకున్నట్టు. ఇక్కడ జాగ్రత్త: గాలి లోపలికి వెళ్ళగానే పిస్టన్ వెనక్కి తన్ని ఫ్లైవీల్ గిర్రున తిరుగుతుంది. అందుకే పొడవాటి రెంచి ఫ్లైవీల్ నట్టుకి వేసి గట్టిగా పట్టుకోవాలి. దాని దారిలో ముఖం, వేళ్ళు ఉండకూడదు.

మొదటి గేజీలో 100 పెట్టాను. రెండోది 90 చూపిస్తే 10 శాతం గాలి పోతున్నట్టు. వాడిన ఇంజన్‌లో లీకు 20 శాతం లోపు ఉంటే నేను ముట్టుకోను. నా ఇంజన్‌కి ఆ రోజు రెండో గేజీ ఎంత చూపించిందో తెలుసా? 40. అంటే 60 శాతం గాలి ఎటో పోతోంది. ఎటు పోతోందన్నది నంబర్ కంటే ముఖ్యం. చెవి పెట్టి వినండి. సైలెన్సర్‌లోంచి బుస వస్తే ఎగ్జాస్ట్ వాల్వు. కార్బురేటర్‌లోంచి వస్తే ఇన్‌టేక్ వాల్వు. డిప్‌స్టిక్ గొట్టంలోంచి వస్తే గాలి క్రాంక్‌కేసులోకి, అంటే ఆయిల్ ఉండే గదిలోకి, దిగుతోందన్నమాట. రెండు ఇంజన్లలోనూ బుస డిప్‌స్టిక్ నుంచే వచ్చింది.

ఇక్కడే అందరూ పొరబడతారు. డిప్‌స్టిక్ బుస వినగానే "రింగులు పోయాయి" అనేస్తారు, అంటే పిస్టన్ చుట్టూ ఉండి గాలిని ఆపే రింగులు. ఈ తరహా ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్లలో రాకర్లని తోసే కడ్డీలు, అంటే పుష్‌రాడ్లు, వెళ్ళే కన్నం సిలిండర్ పక్కనే ఉంటుంది. మధ్యలో ఉన్నది సన్నటి గ్యాస్కెట్ పట్టీ మాత్రమే. ఆ పట్టీ కాలిపోతే మంట ఒత్తిడి నేరుగా క్రాంక్‌కేసులోకి పోతుంది, అక్కడి ఆయిల్ క్రాంక్‌కేసు గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి తన్నుకొస్తుంది, అదే కాలి పొగవుతుంది. రింగులు అరిగిన ఇంజన్ కూడా అచ్చం ఇలాగే ప్రవర్తిస్తుంది.

సిలిండర్‌లో చెంచాడు నూనె పోసి మళ్ళీ టెస్టు చేయమని చాలామంది చెబుతారు. లీకు తగ్గితే రింగులన్నమాట. కానీ మన ఇంజన్‌లో షాఫ్ట్ నిలువుగా ఉంటుంది, సిలిండర్ పడుకుని ఉంటుంది. పోసిన నూనె అడుగు వైపే చేరుతుంది, పైవైపు రింగుకి అందదు. అందుకని ఆ టెస్టు ఫలితాన్ని పూర్తిగా నమ్మలేం. హెడ్ విప్పడమే సరైన పని. గంట పట్టదు.

[కెమెరా గ్యాస్కెట్ దగ్గరికి]

ఇది నా ఇంజన్ పాత గ్యాస్కెట్. ఈ మూల చూడండి. సిలిండర్ గుండ్రానికీ పుష్‌రాడ్ కన్నానికీ మధ్య నల్లటి చార, అగరుబత్తి తగిలి చీర అంచు కాలినట్టు. వేలు పెడితే బొగ్గులా రాలుతోంది. ఇప్పుడు సిలిండర్ లోపల టార్చి వేస్తాను. ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్ళే సన్నటి గీతలు కనిపిస్తున్నాయా? అవి ఫ్యాక్టరీలో హానింగ్ చేసిన, అంటే రాయితో గోడని సన్నగా గీకిన, గుర్తులు. అవి ఇంకా ఉన్నాయంటే బోరు అరగలేదు. ఇలాంటి ఇంజన్‌ని పారేస్తే మంచి ఇంజన్‌ని పారేసినట్టే.

ఇప్పుడు తమ్ముడి ఇంజన్. గ్యాస్కెట్ చెక్కుచెదరలేదు. కానీ లోపల హానింగ్ గీతలు ఒక్కటీ లేవు, అద్దంలా నున్నగా ఉంది, మధ్యలో నిలువు గాట్లు. సిలిండర్ పై అంచు దగ్గర గోరు గీయండి. ఇదిగో, టక్కున తగులుతోంది. రింగులు అక్కడిదాకానే వెళ్ళి గోడని తినేస్తూ వచ్చాయి, ఆ పైన మెట్టు మిగిలింది. బోర్ గేజీ పెడితే అరుగుదల అంగుళంలో వెయ్యో వంతులు మూడు, అంటే 0.003 అంగుళం, దాటిపోయింది. సిలిండర్ లోపల ఇనుప గొట్టం, అంటే స్లీవ్, ఉన్న ఇంజన్‌కి నేను అక్కడే గీత గీస్తాను.

కారణం ఎయిర్ ఫిల్టర్ దగ్గరే దొరికింది. ఫిల్టర్ సరిగ్గా కూర్చోలేదు. దాని వెనక కార్బురేటర్ మూతిలో ఎర్రటి దుమ్ము చారలు. ఇక్కడి ఎర్ర బంకమట్టి ఎండితే మన చెల్క దుమ్ములాగే లేస్తుంది. అది ఆయిల్‌లో కలిసి గరుకు కాగితంలా పనిచేసింది. దుమ్ము బోరుని మాత్రమే తినదు. షాఫ్ట్ కింది చివర పట్టుకుని పక్కలకి ఊపితే కటకట ఆడుతోంది, అంటే కింది బేరింగు కూడా పోయింది. ఈ ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్ అల్యూమినియంది, కారుల్లోలా మార్చుకునే బేరింగు ముక్కలు ఉండవు, రాడ్డే నేరుగా క్రాంక్ మీద తిరుగుతుంది. అది కూడా అరిగింది.

కాగితం మీద లెక్క వేశాం. ఓవర్‌సైజ్ పిస్టన్, రింగులు, రాడ్, సీళ్ళు, గ్యాస్కెట్లు, బోరింగ్ కూలీ అన్నీ కలిపితే 450 డాలర్లు దాటింది. అరిగిన కింది బేరింగు సంగతి ఇంకా అలాగే ఉంది. కొత్త ఇంజన్ 750కి దొరికింది, వారంటీతో. బోరు ఒక్కటే అరిగి, క్రాంక్ బాగుంటే నేనైతే రీబిల్డ్ చేయమనేవాణ్ణి, అందులోనూ చేతి పని మీకే ఇష్టమైతే. బోరు, క్రాంక్, బేరింగు మూడూ పోయినప్పుడు ముచ్చటకి పోకూడదు.

కొత్త ఇంజన్ కొనేవాళ్ళు హార్స్‌పవర్ ఒక్కటే చూడకండి. పాత ఇంజన్ మీద కొట్టిన నంబర్లు రాసుకోండి. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ అయితే మోడల్ నంబర్‌లో మొదటి రెండంకెలు క్యూబిక్ అంగుళాలు. 31 అని ఉంటే దాదాపు 500 సీసీ. కోడ్‌లో మొదటి ఆరంకెలు తయారైన సంవత్సరం, నెల, రోజు. షాఫ్ట్ వ్యాసం, పొడవు కొలవండి. తమ్ముడిది 1 అంగుళం వ్యాసం, 3 5/32 అంగుళాల పొడవు. పొడవు తేడా వస్తే పుల్లీ బెల్టుకి ఎదురుగా కూర్చోదు. సైలెన్సర్ ఏ వైపుందో, ఛార్జింగ్ వైర్ల కనెక్టర్ ఎలా ఉందో ఫొటో తీసుకోండి. ఇంకొకటి, కొత్త ఇంజన్ ఆయిల్ లేకుండా వస్తుంది. పోయకుండా తాళం తిప్పితే ఆ 750 నిమిషాల్లో పోతుంది. మొదటి 5 గంటలు నడిచాక ఆ ఆయిల్ మార్చేయండి.

ఇక నా ఇంజన్ దగ్గరికొద్దాం. హెడ్ బిగించేశాను, మాన్యువల్ చెప్పిన వరసలో, టార్క్ రెంచితో. ఇప్పుడు వాల్వు గ్యాపు, అంటే వాల్వుకీ రాకర్‌కీ మధ్య సందు. పిస్టన్ పూర్తిగా వచ్చాక ఇంకో పావు అంగుళం దాటించాలి, లేకపోతే కంప్రెషన్ రిలీజ్ వాల్వుని ఎత్తిపట్టి తప్పు కొలత ఇస్తుంది. నా ఇంజన్‌కి ఇన్‌టేక్ 0.003 నుంచి 0.005 అంగుళం, ఎగ్జాస్ట్ 0.005 నుంచి 0.007. ఆ సందు కొలిచే సన్నటి రేకు, ఫీలర్ గేజీ, లాగితే వెన్న మీద కత్తిలా కాదు, తడి కాగితం మధ్య నుంచి లాగినట్టు కాస్త పట్టుకోవాలి.

బ్యాటరీ వైరు పెట్టేశాను, ఆయిల్ కొత్తది. ట్రాక్టర్ బయటికి తెచ్చాను. స్టార్ట్ చేయగానే పొగ వస్తుంది, భయపడకండి. సైలెన్సర్‌లో ఇన్నాళ్ళు పేరుకున్న నూనె కాలాలి కదా, పది పదిహేను నిమిషాలు పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే అప్పుడు అనుమానించాలి. తాళం తిప్పుతున్నాను, వినండి.