క్యాప్సికంలో పచ్చిది ఏది, పండినది ఏది? ఆరు కాయల రుచి చూసి చెబుతున్నాను

నమస్కారం. ఈ రోజు బల్ల మీద ఆరు క్యాప్సికంలు పెట్టాను. రెండు ఆకుపచ్చవి, ఒకటి పసుపు, ఒకటి నారింజ, ఒకటి ఎరుపు. చివరన ఉన్న ఈ వంకాయ రంగుది మా మేడ మీద కుండీలో కాసింది. మిగిలిన అయిదూ నిన్న కూరగాయల దుకాణంలో కొన్నాను. రంగువాటికి, ఆకుపచ్చవాటి ధరకు మూడింతలు పెట్టాల్సి వచ్చింది. ఆ మూడింతలకు తగిన రుచి ఉందా, ఉంటే ఏ వంటలో ఉంది అన్నది ఈ వీడియోలో చూద్దాం. అన్నిటినీ పచ్చిగా కొరికి చూశాను, నూనెలో మగ్గించాను, పొయ్యి సెగ మీద కాల్చాను.

ముందుగా ఒక్క మాట. ఆకుపచ్చ క్యాప్సికం అంటే పండని కాయ. చాలామంది దాన్ని వేరే రకం అనుకుంటారు, నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. కానీ మిరపకాయ విషయంలో మనకు ఈ సంగతి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. పచ్చిమిరపకాయ, పండుమిరపకాయ, ఎండుమిరపకాయ: ఒకే చెట్టు కాయకు మూడు పేర్లు, మూడు పనులు. పప్పులోకి పచ్చిమిర్చి, రోటి పచ్చడికి పండుమిర్చి, పోపులోకి ఎండుమిర్చి. ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే ఆ వంట దారే మారిపోతుందని ప్రతి వంటింట్లోనూ తెలుసు. మరి క్యాప్సికం కూడా మిరపే కదా. గుంటూరు మిర్చిది, దీనిది ఒకే జాతి. రెండిటికీ మూలం మెక్సికో ప్రాంతంలో పుట్టిన మిరపే. కారాన్ని పుట్టించే జన్యువు క్యాప్సికంలో పనిచేయదు కాబట్టి నాలుక మండదు. బెంగళూరు మిర్చి అని మన పెద్దవాళ్లు పెట్టిన పేరులోనే అది మిరప అని ఉంది. అయినా కొనేటప్పుడు మాత్రం పచ్చిదా పండినదా అని ఆలోచించకుండా, అందంగా ఉందని రంగు చూసి బుట్టలో వేసుకుంటాం.

ఇక్కడే ఇంకో అపోహ ఉంది. కాయ ముందు ఆకుపచ్చగా ఉండి, తరువాత పసుపై, తరువాత నారింజై, చివరకు ఎర్రబడుతుందని, అంటే పసుపుది సగం పండినదని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. ఈ పసుపు కాయ పూర్తిగా పండినదే. దీన్ని ఇంకో నెల చెట్టున ఉంచినా ఎర్రబడదు. ఏ రంగులో పండాలో విత్తనంలోనే నిర్ణయమై ఉంటుంది. కాయ పండేటప్పుడు ఆకుపచ్చదనాన్ని ఇచ్చే పత్రహరితం విరిగిపోతుంది, దాని స్థానంలో కెరోటినాయిడ్లు అనే వర్ణకాలు పేరుకుంటాయి. ఎర్ర రకాల్లో ఒక ఎంజైము పసుపు వర్ణకాలను పట్టుకుని క్యాప్సాంథిన్ అనే ఎరుపుగా మారుస్తుంది. పసుపు రకాల్లో ఆ చివరి పని జరగదు, అందుకే రంగు పసుపు దగ్గరే ఆగిపోతుంది. ఈ క్యాప్సాంథిన్ మనకు బాగా తెలిసినదే. ఆవకాయ జాడీలో పైకి తేలే ఎర్రటి నూనె ఉంటుంది చూడండి, ఆ ఎరుపు ఎండుమిర్చిలోని క్యాప్సాంథిన్‌దే. నూనెలో కరిగే రంగు అది. వరంగల్ చపాటా మిర్చి కూడా ఇందుకే పేరు తెచ్చుకుంది. లావుగా టమాటాలా ఉండి, కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నా దృష్టిలో ఈ ఎర్ర క్యాప్సికంకు మన నేలలో దగ్గరి చుట్టం అదే.

సరే, కత్తి తీసుకుందాం. ముందు ఆకుపచ్చది. కోయగానే వచ్చిన ఆ వాసన మీకు చూపించలేను, కానీ మీకు తెలుసు. ముక్కుకు సూటిగా తగిలే పసరు వాసన. దీని వెనుక ఒకే ఒక్క పదార్థం ఉంది, పైరజిన్ల కుటుంబంలోది. 1969లో అమెరికా శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించారు. లక్ష కోట్ల పాళ్ల నీటిలో రెండు పాళ్లు కలిసినా మనిషి ముక్కు దాన్ని పట్టేస్తుందట. అంత ఘాటైన వాసన కనుకే ఒక్క క్యాప్సికం తరిగితే ఇల్లంతా తెలుస్తుంది. కాయ పండే కొద్దీ ఈ పదార్థం తగ్గిపోతుంది. ముక్క నోట్లో వేసుకుంటే మొదట కరకర, ఆపైన పసరు, చివర నాలుక వెనుక చిరుచేదు. తీపి ఉంది గానీ వెతుక్కోవాలి.

ఇప్పుడు ఎర్రది. కత్తి దిగేటప్పుడే తేడా తెలుస్తోంది, కండ కొంచెం మెత్తగా ఉంది, రసం ఎక్కువగా కారుతోంది. పసరు వాసన దాదాపు లేదు, పండు వాసన వస్తోంది. నమలగానే తీపి ముందు తగులుతుంది. ఇది ఊహ కాదు, లెక్క కూడా అదే చెబుతుంది: 100 గ్రాముల ఆకుపచ్చ క్యాప్సికంలో సుమారు 2.4 గ్రాముల చక్కెర ఉంటే, ఎరుపులో సుమారు 4.2 గ్రాములు ఉంటుంది. పైగా చేదు, పసరు పక్కకు తప్పుకోవడంతో ఉన్న తీపి ఇంకా ఎక్కువగా అనిపిస్తుంది.

పసుపు, నారింజల గురించి ఎక్కువ చెప్పను. పసుపుది తేలికైన రుచి, కొంచెం పులుపు కలిసిన తీపి. నారింజది ఎరుపుకు బాగా దగ్గర. కళ్లు మూసుకుని తింటే నారింజ ఏదో ఎరుపు ఏదో నాకు రెండుసార్లూ తెలియలేదు. అందుకని ఈ రెండింటి మధ్య ధర తక్కువ ఉన్నది తీసుకోండి.

వంకాయ రంగు కాయ దగ్గర మాత్రం ఆగాలి. చూడండి, కోస్తున్నాను. పైన ఇంత ముదురు రంగు, లోపల కండ మాత్రం ఆకుపచ్చ. రంగంతా తోలులోనే ఉంది. రుచి కూడా ఆకుపచ్చదాని రుచే, అదే పసరు, అదే చిరుచేదు. కారణం ఇదీ పచ్చి కాయే. పైన ఆంథోసయనిన్ అనే వర్ణకం పొరలా కప్పుకుంది, అంతే. ఈ రంగు నీటిలో కరుగుతుంది, వేడికి నిలవదు. మూకుడులో వేసిన కొద్ది నిమిషాలకే నా ముక్కలు మామూలు ఆకుపచ్చకు దిగిపోయాయి. రంగు కోసం కొంటే సలాడ్‌లో పచ్చిగానే వాడండి.

ఇప్పుడు రెండో ఆకుపచ్చ కాయ. దీని భుజం దగ్గర వేలిముద్రంత ఎర్ర మరక ఉంది. దుకాణంలో అందరూ దీన్ని పక్కకు తోసేస్తున్నారు, పాడైందని. నేను వెతికి తెచ్చుకున్నాను. ఒకప్పుడు ఒక దుకాణదారు మాట నమ్మి, ఇంట్లో ఉంచితే ఎర్రబడతాయని పూర్తి ఆకుపచ్చ కాయలు కిలో కొన్నాను. పది రోజులు చూస్తే ముడతలు పడ్డాయి గానీ ఎర్రబడలేదు. అరటి, మామిడి కోసిన తరువాత కూడా పండుతాయి. క్యాప్సికం అలా కాదు, చెట్టును విడిచాక పూర్తి పచ్చి కాయ సరిగా పండదు. అయితే చెట్టు మీదే రంగు తిరగడం మొదలైన కాయ మాత్రం బయట ఉంచినా ఆ రంగును పూర్తి చేసుకుంటుంది. పోయిన వారం ఇలాంటి మరక కాయను, పూర్తి ఆకుపచ్చదాన్ని పక్కపక్కన వంటింటి గట్టు మీద ఉంచాను. ఇవిగో, ఎనిమిది రోజుల తరువాత. మరక ఉన్నది దాదాపు అంతా ఎర్రబడింది, పచ్చిది పచ్చిగానే వాడిపోయింది. తీపి మాత్రం చెట్టున పండినదానికి సమానం కాలేదు. పచ్చి కాయ ధరకు అంత దొరికినా లాభమే.

ఆ ధర సంగతి కూడా చెప్పాలి, రైతు వైపు నుంచి చూస్తే అన్యాయం అనిపించదు. ఎదిగిన ఆకుపచ్చ కాయ పూర్తి రంగుకు రావాలంటే ఇంకో రెండు నుంచి నాలుగు వారాలు చెట్టున ఉండాలి. అన్ని రోజులూ నీరు, ఎరువు, పురుగుల భయం, ఎండ దెబ్బకు తోలు మీద తెల్లటి మచ్చలు. పండే కాయలు చెట్టున ఉన్నంతసేపూ కొత్త పిందెలు తక్కువ నిలుస్తాయి. అందుకే మన దేశంలో రంగు క్యాప్సికం ఎక్కువగా పాలీహౌస్‌లలోనే, అంటే ప్లాస్టిక్ పొర కప్పిన పందిళ్లలోనే వేస్తారు, బెంగళూరు, హోసూరు, పుణె చుట్టుపక్కల. ఆకుపచ్చది ఆరుబయట పొలంలో పండి, తొందరగా కోతకు వచ్చి, త్వరగా బజారుకు చేరుతుంది.

ఇక వంట. ఆకుపచ్చదాన్ని తక్కువ చేసి మాట్లాడుతున్నానని అనుకోకండి. వేరుశెనగ పొడి వేసి చేసే కూరకు, శెనగపిండి కూరకు ఆకుపచ్చదే కావాలి. ఒకసారి ఇంటికి చుట్టాలు వస్తున్నారని, చూడటానికి బాగుంటుందని శెనగపిండి కూర మొత్తం ఎర్ర క్యాప్సికంతో చేశాను. కూర తియ్యగా, జావలా తయారైంది. శెనగపిండి కమ్మదనానికి ఎదురు నిలవడానికి ఆ చిరుచేదు, ఆ పసరే ఉండాలని అప్పుడు అర్థమైంది. బజ్జీకి కూడా నేను ఆకుపచ్చకే మొగ్గుతాను.

మరి ఎర్రదానికి తగిన చోటు ఏది? సెగ. పొయ్యి మంట మీద నేరుగా పెట్టి, నాలుగు వైపులా తిప్పుతూ తోలు పూర్తిగా నల్లబడేదాకా కాల్చండి. చిటపటలాడుతుంది, తోలు ఉబ్బి బొబ్బలు లేస్తుంది, భయపడకండి. వెంటనే గిన్నెలో వేసి మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. ఇదిగో, మూత తీస్తున్నాను. వేళ్లతో నిమిరితేనే తోలు ఊడి వస్తోంది. అడుగున చేరిన ఈ ఎర్రటి రసం చూశారా, దీన్ని పారబోయకండి. కాయను నీళ్ల కింద కడగకండి, రుచంతా పోతుంది. దీనికి వేయించిన రెండు ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు, చింతపండు చేర్చి రోట్లో నూరాను. తీపి ఉంది కాబట్టి మామూలుకన్నా కాస్త ఎక్కువ చింతపండు పట్టింది. పైన నువ్వుల నూనె. వేడి అన్నంలో కలుపుకుని తింటే నాకు చిన్నప్పుడు తిన్న పండుమిరపకాయ పచ్చడి గుర్తుకొచ్చింది, ఆ మంట లేకుండా. ఇంట్లో కారం తినలేని పిల్లలు, పెద్దలు ఉంటే ఈ పచ్చడి చేసి పెట్టండి. ఆకుపచ్చదాన్నీ ఇలాగే కాల్చి నూరాను. చేదు పైకి వచ్చింది, రంగు పాచి పట్టినట్టయింది. ఇందులో పచ్చిది పనికిరాదు.

పోషకాల సంగతి క్లుప్తంగా. సి విటమిన్ 100 గ్రాముల ఆకుపచ్చలో సుమారు 80 మిల్లీగ్రాములు, ఎరుపులో సుమారు 128, పసుపులో ఇంకా ఎక్కువ, 180 దాటుతుంది. ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన ఒక కథ ఉంది. హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జి 1930లలో సి విటమిన్‌ను పరిశోధనకు సరిపడేంత పోగుచేయలేక ఇబ్బంది పడుతున్నాడు. ఆయన ఉన్న సెగెడ్ పట్టణం మిరపకు పేరున్న ఊరు. ఒక రాత్రి భార్య భోజనంలో మిరపకాయ పెట్టిందట. ఆయనకు తినాలనిపించలేదు, దీన్ని ఎప్పుడూ పరీక్షించలేదే అనుకుని ప్రయోగశాలకు తీసుకెళ్లాడు. అర్ధరాత్రికల్లా అది సి విటమిన్ గని అని తేలింది. తరువాత ఆ మిరప నుంచి కిలోల లెక్కన విటమిన్ తీశాడు. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఈ విటమిన్ ఎక్కువసేపు వండితే తగ్గిపోతుంది, కాబట్టి పసుపుది కొన్నప్పుడు కొన్ని ముక్కలైనా పచ్చిగా తినండి.

కొనేటప్పుడు తొడిమ చూడండి. పచ్చగా, గట్టిగా ఉంటే తాజాది, గోధుమ రంగులోకి తిరిగి మెత్తబడితే కోసి చాలా రోజులైంది. కాయ చేతిలో బరువుగా ఉండాలి, తోలు బిగువుగా మెరవాలి. అడుగున మూడు బుడిపెలుంటే మగది, నాలుగుంటే ఆడది, ఆడది తియ్యగా ఉంటుంది అని ఒక ప్రచారం ఉంది. నమ్మకండి, కాయల్లో ఆడా మగా లేవు. ఫ్రిజ్‌లో కింద కూరగాయల అరలోనే పెట్టండి. మరీ చలి తగిలితే తోలు మీద గుంటలు పడతాయి.

రేపు నేను బజారుకు వెళితే రోజువారీ కూరకు అరకిలో ఆకుపచ్చవి, పచ్చడికి రెండు ఎర్రవి తెస్తాను. మరక కాయ కనిపిస్తే అదీ తెస్తాను. మూడు రంగులు కలిపి ప్లాస్టిక్ కాగితం చుట్టి అమ్మే పొట్లం మాత్రం నేను కొనను, అందులో తొడిమలు కూడా సరిగా కనిపించవు.

మేడ మీద కుండీలో ఇంకో వంకాయ రంగు కాయ ఉంది. దాన్ని కోయకుండా వదిలేశాను. విత్తనం పొట్లం మీద చివరికి ఎర్రగా పండుతుందని రాసి ఉంది. పండిన రోజు కోసి, ఈ రోజు తిన్నదానికి ఎంత తేడా వచ్చిందో మీ ముందే రుచి చూసి చెబుతాను.