అరిటాకు, కుళాయి, పల్చటి సూపర్‌కండక్టర్ ఫిల్మ్

"సూపర్‌కండక్టర్ అయస్కాంత క్షేత్రాన్ని బయటికి తోసేస్తుంది." బెంగళూరులో ఏ ఫిజిక్స్ క్లాసులో అడిగినా ఇదే జవాబు. సూపర్‌కండక్టర్ అంటే బాగా చల్లబరిస్తే కరెంటుకి అడ్డే చెప్పని పదార్థం. బలహీనమైన ఫీల్డ్‌లో పెట్టిన నయోబియం అనే లోహపు దిమ్మకి అది చాలావరకు నిజం. 200 నానోమీటర్ల మందం ఉన్న నయోబియం ఫిల్మ్‌కీ ఇదే అప్పజెబుతారు చూడండి, అక్కడే వస్తుంది తంటా.

(తెరపై: కుళాయి, అరిటాకు ముక్క)

ఆకుని ధార వెంబడి నిలబెట్టి పట్టుకోండి. నీళ్లు రెండు పక్కలా జారిపోతాయి. అదే ఆకుని ధారకి అడ్డంగా పట్టండి. నీళ్లన్నీ పక్కకి మళ్లి అంచుల మీంచి దూకాల్సిందే. ఫిల్మూ అంతే. ఫీల్డ్ తలం వెంబడి ఉంటే దిమ్మ కంటే ఎక్కువే తట్టుకుంటుంది. లంబంగా వస్తే మాత్రం ఫీల్డ్ గీతలన్నీ అంచుల దగ్గర గుమిగూడతాయి. వెడల్పు ఫిల్మ్‌లో అంచు దగ్గరి ఫీల్డ్ మనం పెట్టినదానికి పదుల రెట్లవుతుంది. చొరబాటు అక్కణ్ణుంచే.

ఆకుకి సూదితో చిల్లులు పొడిచినట్టు చొరబడుతుంది. ఒక్కో చిల్లు ఒక వోర్టెక్స్, ఒక్కోదాంట్లో పట్టే అయస్కాంత ఫ్లక్స్ 2.07×10⁻¹⁵ వెబర్, చుట్టూ కరెంటు సుడి. ఫిల్మ్ పల్చబడేకొద్దీ ఆ సుడి మరింత దూరం పాకుతుందని 1964లో జూడియా పర్ల్ లెక్కగట్టారు.

ఇప్పుడు బెంగళూరు లెక్క. ఇక్కడ భూమి ఫీల్డ్ సుమారు 40 మైక్రోటెస్లా. అయస్కాంత భూమధ్యరేఖ దగ్గరే కాబట్టి దాదాపు పడుకునే ఉంటుంది, నిలువు భాగం 10 దగ్గర. ఈ ఫిల్మ్ ఉన్న చిప్‌ని పడుకోబెట్టి చల్లబరిస్తే చదరపు మిల్లీమీటరుకి దాదాపు 4,800 చిల్లులు. ఉత్తరానికి ఎదురుగా నిలబెడితే 19,000! చిప్ అదే, గది అదే.

చిల్లు ఉన్నంత మాత్రాన కొంప మునగదు, కదిలితేనే ముప్పు. కరెంటు దాన్ని నెడుతుంది, అది జరిగితే వోల్టేజీ, ఆపైన వేడి. చిరుగు నడి ఈనె దగ్గర ఆగినట్టు, ఫిల్మ్‌లో లోపాలే దాన్ని పట్టి ఆపుతాయి. లోపాలు లేని ఫిల్మే మంచిదనుకోకండి.

టైం లేదు, మిగతాది చకచకా. బయటి ఫీల్డ్‌ని అడ్డుకునే మ్యూ-మెటల్ డబ్బాని, ఫిల్మ్ సూపర్‌కండక్టర్‌గా మారే 9.2 కెల్విన్‌కి దిగకముందే పెట్టాలి, చల్లారాక పెట్టి లాభం లేదు. హోల్డర్‌కి ఇత్తడి స్క్రూలు వాడండి. స్టెయిన్‌లెస్ అని రాసున్నా, వంచి సాగదీసి చేసినవి కొన్ని అయస్కాంతానికి అంటుకుంటాయి. ఫిల్మ్‌లో గీసే లైను వెడల్పు 5 మైక్రాన్లకి తగ్గిస్తే భూమి ఫీల్డ్‌లో చల్లబరిచినా అందులో చిల్లు నిలవదు. ఇప్పటికే ఇరుక్కుంటే ఫీల్డ్ ఆపేసినంత మాత్రాన పోవు, 10 కెల్విన్ దాటేదాకా వేడెక్కించి, డబ్బా లోపల నెమ్మదిగా మళ్లీ దించండి.