గ్రీన్ కార్డు చేతికొచ్చింది, ఐదేళ్ల వైద్యం ఎవరిది? (బెంగళూరు స్టూడియో చర్చ, పూర్తి పాఠం)

సమన్వయకర్త: నమస్కారం. రిటైరయ్యాక పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి స్థిరపడేవాళ్లకు 2026 జనవరి 1 నుంచి పెద్ద దెబ్బే తగిలింది. ఆదాయం తక్కువున్న కొత్త గ్రీన్ కార్డుదారులకు ఆరోగ్య బీమా మీద వచ్చే సబ్సిడీ పోయింది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఏ అపార్ట్‌మెంటులో చూసినా ప్రయాణానికి సిద్ధమవుతున్న తల్లిదండ్రులు కనిపిస్తారు. నలుగురు అతిథులున్నారు, అందరికీ సమానంగా సమయం ఇస్తాం. లాయర్ మేడం, సూటిగా అడుగుతున్నా. తీసుకెళ్లిన కొడుకుకి బాధ్యత లేదా?

న్యాయవాది: ఉందండి. ముందు ఏం మారిందో చెప్పనివ్వండి. అమెరికా 1996 చట్టం ప్రకారం గ్రీన్ కార్డు వచ్చిన ఐదేళ్ల దాకా మెడికెయిడ్, అంటే పేదలకిచ్చే ప్రభుత్వ వైద్య బీమా రాదు. ఆ ఖాళీ పూడ్చడానికి, ఆదాయం పేదరిక రేఖకు దిగువన ఉన్నా మార్కెట్‌ప్లేస్ బీమాకు, అంటే సర్కారు వేదిక మీద కొనుక్కునే బీమాకు సబ్సిడీ ఇచ్చేవాళ్లు. 2025 జూలై 4న సంతకమైన చట్టం దాన్ని ఎత్తేసింది. న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాలు సొంత డబ్బుతో ఆదుకుంటాయి, కానీ...

ఆడిటర్: (అడ్డుపడుతూ) లెక్క చెబుతాను, అప్పుడర్థమవుతుంది. నెలకు 50 వేల పెన్షన్, ఏడాదికి 6 లక్షలు. డాలరు 90 రూపాయలనుకుంటే 6,700 డాలర్లు కూడా లేదు. ఇద్దరున్న ఇంటికి 2026 సబ్సిడీకి చూసే పేదరిక రేఖ 21,150 డాలర్లు. అంటే రేఖ కింద పడ్డారు, సబ్సిడీ సున్నా. పోనీ కొడుకు తన పన్ను లెక్కలో తండ్రిని డిపెండెంటుగా చూపిద్దామంటే 2025 పరిమితి 5,200 డాలర్లు. పెన్షన్ దాన్ని దాటేసింది. రెండు వైపులా తలుపు మూసుకుంది.

సమన్వయకర్త: అదే నేనంటున్నది. అప్పుడు కొడుకే కట్టాలి కదా? కట్టకపోతే కేసు వెయ్యొచ్చా?

న్యాయవాది: వెయ్యొచ్చు. ఐ-864 అని స్పాన్సర్ సంతకం పెట్టే పత్రం ఉంది. పేదరిక రేఖకు 125 శాతం స్థాయిలో తల్లిదండ్రుల్ని పోషిస్తానన్న ఒప్పందం అది. తల్లిదండ్రులే కోర్టుకెళ్లి అమలు చేయించుకోవచ్చు. పౌరసత్వం వస్తేనో, 40 క్వార్టర్ల (మూడు నెలలకొకటి లెక్కన పదేళ్ల) పని జమ అయితేనో, గ్రీన్ కార్డు వదిలి దేశం విడిచిపోతేనో, మరణిస్తేనో తప్ప అది తీరదు. పిల్లల క్వార్టర్లు తల్లిదండ్రులకు కలవవు. 66 ఏళ్ల మనిషి పదేళ్లు ఉద్యోగం చేయడం జరిగే పని కాదు కాబట్టి...

పెన్షనర్ల ప్రతినిధి: కన్నకొడుకు మీద పరాయి దేశంలో కేసా? ఏ తల్లి వేస్తుందండీ? ఆ కాగితం ఉందన్న సంగతే ముక్కాలు మందికి తెలీదు. సంతకం పెట్టేటప్పుడే దాన్ని అమ్మానాన్నలకు చదివి వినిపించాలి.

సమన్వయకర్త: ఇక్కడ 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా ఉంది కదా?

న్యాయవాది: ఉంది, ట్రిబ్యునల్ ఇప్పించే పోషణ గరిష్ఠంగా నెలకు 10 వేలు. అమెరికాలో బీమాకు అది ఏ మూలకూ రాదు. చూసుకుంటారన్న షరతుతో ఆస్తి రాసిచ్చి ఉంటే, చూసుకోనప్పుడు రద్దు చేయించుకోవడానికి ఆ చట్టంలోనే 23వ సెక్షన్...

ఆడిటర్: మేడం, కేసుల సంగతి తర్వాత. మెడికేర్, అంటే 65 దాటినవాళ్లకు అక్కడి ప్రభుత్వ బీమా వచ్చేదాకా ఐదేళ్ల ఖర్చు ముందే పక్కన పెట్టాలి. ఎవరూ చెప్పని మాట ఒకటుంది. అద్దెలు, ఎఫ్‌డీ వడ్డీలు దాచిపెట్టి పెన్షన్ ఒక్కటే చూపిస్తున్నారే, వాళ్లు చేతులారా సబ్సిడీ పోగొట్టుకుంటున్నారు! పెన్షన్ 6 లక్షలు, అద్దె 6 లక్షలు, వడ్డీ 8 లక్షలు, అన్నీ చూపితే 20 లక్షలు. 22 వేల డాలర్ల పైమాట. రేఖ దాటారు, సబ్సిడీకి అర్హులయ్యారు. గ్రీన్ కార్డు వచ్చిన రోజు నుంచి ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అమెరికాకు చూపాల్సిందే.

న్యాయవాది: అది నిజం. నేనూ అదే చెప్పబోయాను, సబ్సిడీ అందరికీ పోలేదు. ఇంకోటి, గ్రీన్ కార్డు హోదా వచ్చిన 60 రోజుల్లో మార్కెట్‌ప్లేస్‌లో చేరాలి. జెట్‌లాగ్, మనవడి పుట్టినరోజు, నయాగరా అంటూ ఆ 60 రోజులూ దాటిపోతాయి. ఆ తర్వాత నవంబరు 1న నమోదు మళ్లీ తెరిచేదాకా ఆగాలి.

సమన్వయకర్త: డాక్టర్ గారు, మీరింకా మాట్లాడలేదు.

వైద్యురాలు: విజిటర్ ఇన్సూరెన్సు తీసుకున్నాం, చాలు అనుకుంటారు. షుగరు, బీపీ, స్టెంటు లాంటి పాత జబ్బులకు అది సరిగా పనికిరాదు. హఠాత్తుగా ముదిరితేనే, అదీ ఒక వయసు దాకానే, ఒక పరిమితి దాకానే ఇస్తారు. మార్కెట్‌ప్లేస్ బీమాలో పాత జబ్బు ఉందని కాదనడానికి వీల్లేదు. మందులు మూడు నెలలకు సరిపడా, ప్రిస్క్రిప్షన్‌తో సహా అసలు ప్యాకింగులోనే తీసుకెళ్లండి. ఇక్కడ టెల్మిసార్టాన్, యామ్లోడిపిన్ కలిపిన మాత్ర ఒకటే వేసుకుంటారు. అక్కడ డాక్టరుకు బ్రాండు పేరు చెబితే తెలీదు. ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములో విడివిడిగా రాయించుకోండి. మన పారాసిటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. జలుబు సిరప్‌లో కూడా అదే ఉంటుంది. వేరే మందనుకుని రెండూ వేసుకుంటే కాలేయం దెబ్బతింటుంది.

ఆడిటర్: మందుల కన్నా ముందు...

వైద్యురాలు: ఒక్క నిమిషం సార్. ఇక్కడి ఆరోగ్య పాలసీని ఎట్టి పరిస్థితుల్లో ఆపొద్దు. వెళ్లిపోతున్నాం కదా అని ప్రీమియం మానేస్తారు. తిరిగొచ్చి కొత్తది తీసుకుంటే పాత జబ్బులకు 36 నెలల దాకా నిరీక్షణ మళ్లీ మొదలవుతుంది. ఏడాది ప్రీమియానికి 30 రోజుల గడువే ఉంటుంది.

ఆడిటర్: ఆ ప్రీమియం ఏ ఖాతాలోంచి పోతుంది? అసలు సమస్య అక్కడే! స్థిరపడటానికి వెళ్లగానే మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే ప్రవాసుల ఖాతాగా మార్చాలి. పెన్షన్ అందులోకే వస్తుంది. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద సెస్సుతో కలిపి 31.2 శాతం పన్ను కోస్తారు. పన్ను కోయొద్దని ఏటా ఇచ్చే ఫారం ఇక చెల్లదు. అమెరికా వైపు, ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజు 10 వేల డాలర్లు, అంటే 9 లక్షలు దాటినా ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల వివరాల ఫారం దాఖలు చేయాలి. ఈ ఫారంతో పన్ను కట్టక్కర్లేదు, చెప్పాలంతే. చెప్పకపోతే జరిమానా 10 వేల డాలర్లు దాటొచ్చు. కొడుకుతో జాయింటు ఖాతా ఉంటే కొడుకు కూడా చూపాలి. మ్యూచువల్ ఫండ్లుంటే ఒక్కో ఫండుకు ఒక్కో ఫారం...

సమన్వయకర్త: కొడుకు అవన్నీ చూసుకోడా? చూసుకోకపోతే...

పెన్షనర్ల ప్రతినిధి: మళ్లీ కొడుకేనా సార్! పెన్షన్ ఆగిపోయే సంగతి మాట్లాడుదాం. ప్రభుత్వ పెన్షనరు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 దాటితే అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. ఫోన్లో ముఖం చూపించి ఇచ్చేయొచ్చు, కాన్సులేట్‌కి తిరగక్కర్లేదు. కానీ ఓటీపీ ఈ దేశపు నంబరుకే వస్తుంది. సిమ్ము రీచార్జి చేయక చచ్చిపోయి ఉంటుంది. సిమ్ము పోతే బ్యాంకు పోయినట్టే. విమానం ఎక్కే ముందే రోమింగ్ పెట్టించి, ఒక ఓటీపీ తెప్పించి చూసుకోవాలి.

సమన్వయకర్త: మెడికేర్ గురించి ఎవరో అన్నారు...

ఆడిటర్: నేనే అన్నాను. 65 దాటి, గ్రీన్ కార్డుతో ఐదేళ్లు ఆగకుండా ఉంటే మెడికేర్ కొనుక్కోవచ్చు. కొనుక్కోవచ్చు అంటున్నా, ఉచితం కాదు. 2026లో పార్ట్ ఏ (ఆసుపత్రి ఖర్చుకి) నెలకు 565 డాలర్లు, పార్ట్ బి (డాక్టరు ఖర్చుకి) 202.90. ఇద్దరికీ నెలకు 1,536 డాలర్ల దాకా అవుతుంది. ఐదేళ్ల ఖర్చు పక్కన పెట్టమని ఇందుకే అంటున్నా. ఐదేళ్ల తర్వాతా ఖర్చు ఆగదు!

న్యాయవాది: ఆగకుండా అన్న మాటే కీలకం. చలికాలం బెంగళూరులో, వేసవి అక్కడ అని చెరి సగం పంచుకునేవాళ్లున్నారు. ఆరు నెలలు దాటి ఇక్కడుంటే అక్కడ నివాసం నిరంతరమేనా అన్న ప్రశ్న వస్తుంది. ఏడాది దాటితే గ్రీన్ కార్డుకే ఎసరు. తిరిగి రానిచ్చే రీఎంట్రీ పర్మిట్ కావాలంటే అమెరికాలో ఉన్నప్పుడే ఐ-131 ఫారం వేయాలి. పౌరసత్వానికీ ఐదేళ్లే గానీ ఇంగ్లీషు పరీక్ష ఉంటుంది. 55 దాటి, గ్రీన్ కార్డు మీద 15 ఏళ్లు ఉంటే మన భాషలో జవాబులు చెప్పనిస్తారు. 65కి వెళ్తే 80 నిండాలి. వైద్య కారణంతో మినహాయింపుకి ఎన్-648 ఫారం ఉంది, వయసొక్కటే కారణమంటే ఒప్పుకోరు.

సమన్వయకర్త: మరి కెనడా సులువంటారు?

న్యాయవాది: తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద ఒక్కో రాకకు ఐదేళ్లు ఉండొచ్చు, కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా చూపాలి. కానీ అది స్థిరనివాసం కాదు, అక్కడి వృద్ధాప్య పెన్షన్‌కి పదేళ్ల నివాసం...

ఆడిటర్: కెనడా వదిలేయండి, ఇంటి సంగతి చెప్పాలి. అమ్మేదుంటే నివాసిగా ఉన్నప్పుడే, విమానం ఎక్కకముందే అమ్మేయాలి. నివాసి అమ్మితే, 50 లక్షలు దాటిన ఇంటికి కొనేవాడు ముందే పన్నుగా (టీడీఎస్) కోసేది 1 శాతం. ఎన్‌ఆర్‌ఐ అమ్మితే 12.5 శాతం, పైన సర్‌చార్జి, సెస్సు. 2024 జూలై 23కి ముందు కొన్న ఇంటికి ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదల తీసేసిన లాభం మీద) 20 శాతం అన్న వెసులుబాటు నివాసికే, ఎన్‌ఆర్‌ఐకి లేదు. ఆపైన అమెరికా కూడా లాభం మీద పన్ను అడుగుతుంది. అమ్మేయండి!

న్యాయవాది: అది పూర్తి నిజం కాదు. అమ్మిన రోజుకి వెనక ఐదేళ్లలో రెండేళ్లు అది సొంతమై, అందులోనే కాపురముంటే మనిషికి రెండున్నర లక్షల డాలర్ల లాభం దాకా అమెరికా పన్ను ఉండదు. ఇల్లు ఏ దేశంలో ఉన్నా సరే. అంటే వెళ్లాక కూడా దాదాపు మూడేళ్లు...

ఆడిటర్: (గట్టిగా) మేడం, ఇక్కడి టీడీఎస్ సంగతేంటి? తక్కువ కోత సర్టిఫికెట్ కోసం ఆఫీసు చుట్టూ ఎవరు తిరుగుతారు?

న్యాయవాది: తిరగాలి, తప్పదు. అందుకే వెళ్లే ముందే సబ్-రిజిస్ట్రార్ దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ రిజిస్టరు చేయించుకోవాలి. ఇంటి డిజిటల్ రికార్డు, ఈ-ఖాతా కూడా తీయించుకోవాలి, అది లేకుండా బెంగళూరులో రిజిస్ట్రేషన్ కాదు. అక్కడికెళ్లాక పంపే పవర్‌కి ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించకపోతే...

ఆడిటర్: ఇంత తిప్పలెందుకు? అమ్మేస్తే పోతుంది!

పెన్షనర్ల ప్రతినిధి: అమ్మేస్తే ఏం పోతుందో మీకు తెలీదా సార్? భార్యో భర్తో కన్నుమూస్తే రెండోవాళ్లు అక్కడ ఒంటరిగా ఉండలేక తిరిగొస్తారు. వాళ్లు ఎక్కడ దిగాలి?

ఆడిటర్: అమ్మిన డబ్బు బ్యాంకులో ఉంటుంది, అద్దెకుంటారు.

పెన్షనర్ల ప్రతినిధి: 75 ఏళ్ల ఒంటరి మనిషికి ఈ ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చేదెవరు?

సమన్వయకర్త: సమయం అయిపోయింది. మొత్తానికి ఆడిటర్ గారు చెప్పినట్టు ముందే అమ్మేసి, ఐదేళ్ల ఖర్చు చేతిలో పెట్టుకుని వెళ్లడమే...

వైద్యురాలు: అందరూ అలా ఒప్పుకోలేదండీ.

న్యాయవాది: మూడేళ్ల సంగతి నన్ను పూర్తి చేయనివ్వలేదు.

సమన్వయకర్త: మళ్లీ పిలుస్తాం మేడం. చివరిగా ఒక్కటి, ఆ ఐ-864 మీద కొడుకు...

ఆడిటర్: ఎఫ్‌బార్ గడువు ఏప్రిల్ 15, దానంతటదే అక్టోబరు 15 దాకా పెరుగుతుంది, రాసుకోండి.

(ప్రసారం ముగిసింది)