ప్లేటు పట్టింది, పట్టు ఉందా?

(హనుమకొండలో ఆటోమొబైల్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

విద్యార్థులకు, తోటి మెకానిక్కులకు నమస్కారం.

పత్తి సీజనులో ఎనుమాముల మార్కెట్ దారిలో కాసేపు నిలబడితే ఒక ఘాటు వాసన ముక్కుకు తగులుతుంది. లోడు ట్రాక్టర్లు గంటల తరబడి హాఫ్ క్లచ్ మీద, అంటే పెడల్ సగం తొక్కి ఉంచి, అంగుళం అంగుళం కదులుతుంటే క్లచ్ ప్లేటు మీది రాపిడి పొర, లైనింగ్, మాడే వాసన అది. నా చదువు అక్కడే మొదలైంది. అందుకే స్పోర్ట్స్ కారు క్లచ్ గురించి మాట్లాడమన్నా నాకు ముందు ట్రాక్టరే గుర్తొస్తుంది.

మీరు పంపిన ప్రశ్న చదివాను. ఒకే కారు టర్బోతోనూ, అంటే ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే యంత్రంతోనూ, అది లేకుండానూ వస్తే, ఒకదాని క్లచ్ ఇంకొకదానికి వేయవచ్చా? షెడ్డులో దీనికి ఒకటే జవాబు: "ప్లేటు కొలిచి చూడు, పడితే వేసెయ్." నేను ఒప్పుకోను. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ఇంజను తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, గేర్‌బాక్సుకు అందించేది క్లచ్. జారకుండా అది ఎంత టార్క్ మోయగలదో తెలియాలంటే ప్రెషర్ ప్లేటు నొక్కే బలాన్ని ఘర్షణ గుణకంతో, లైనింగ్ సగటు వ్యాసార్ధంతో గుణించి, ప్లేటుకు రెండు ముఖాలు కనుక రెట్టింపు చేయాలి. ఉదాహరణకు 225 మిల్లీమీటర్ల ప్లేటు, లోపలి వ్యాసం 150 అనుకుందాం. సగటు వ్యాసార్ధం 94 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. గుణకం 0.3, బలం 5,000 న్యూటన్లు అయితే వచ్చేది సుమారు 281 న్యూటన్ మీటర్లు. ఇప్పుడు 240 బయట, 160 లోపల ఉన్న పెద్ద ప్లేటు వేయండి. బలం మార్చకండి. ఎంత వచ్చింది? 300. అంతే! స్కేలు పట్టుకుని మనం మురిసిపోయే ఆ 15 మిల్లీమీటర్లు తెచ్చింది 19 న్యూటన్ మీటర్లే. అదే బలాన్ని 6,500కు పెంచితే 390కి చేరుతుంది. అసలు పట్టు ప్రెషర్ ప్లేటును నొక్కే డయాఫ్రమ్ స్ప్రింగులో ఉంది. స్కేలుకు అది అందదు.

పోర్షే 944నే తీసుకోండి. మొదట్లో వచ్చిన టర్బో లేని 2.5 లీటర్ల ఇంజను ఇచ్చేది సుమారు 205 న్యూటన్ మీటర్లు. 1985లో వచ్చిన టర్బో అదే 2.5 లీటర్లతో 330 ఇచ్చింది. మన 281 క్లచ్ మొదటిదానికి నిశ్చింతగా సరిపోతుంది, రెండోదానికి చాలదు. తమాషా ఏమిటంటే, బండి కదిలేటప్పుడు లోపం తెలియదు. టాప్ గేరులో వెళుతూ యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినప్పుడు, టర్బో ఒత్తిడి నిండుగా వచ్చాక బయటపడుతుంది. ఇంజను తిరిగే వేగం పెరుగుతుంది, బండి వేగం పెరగదు. ఆ కారులో గేర్‌బాక్సు వెనక ఇరుసు దగ్గర, క్లచ్ ముందు ఇంజను దగ్గర ఉంటాయి. రెండింటినీ కలిపే పొడవైన గొట్టాన్ని కదిలిస్తే గానీ క్లచ్ చేతికి రాదు. తప్పు ప్లేటు వేస్తే ఆ చాకిరీ అంతా మళ్లీ మొదటి నుంచి.

తిరగేస్తే? టర్బో క్లచ్‌ను మామూలు కారుకు, కొలతలన్నీ కలిసిన సెట్టుగా వేస్తే జారదు. కానీ పెడల్ బరువెక్కుతుంది. మేడారం జాతర ట్రాఫిక్‌లో ఎడమ కాలిని అడగండి, చెబుతుంది. ఇంకొకటి, క్లచ్ జారకపోతే పెడల్‌ను గబుక్కున వదిలినప్పటి దెబ్బ నేరుగా గేర్ల మీద పడుతుంది. చవకైన లైనింగ్‌ను కాపాడి ఖరీదైన గేర్లను బలిపెట్టడం నాకు నచ్చదు.

ఇక నా సొంత అవివేకం. కుర్రతనంలో ఒక మిత్రుడి కారుకు వేరే రకం ప్లేటు వేశాను. వ్యాసం సరిపోయింది, ప్లేటు నడిమి పళ్లు, అదే స్ప్లైన్లు, గేర్‌బాక్సు షాఫ్ట్ మీద వెన్నలా జారాయి. గేర్‌బాక్సు ఎక్కించి పెడల్ తొక్కితే క్లచ్ విడిపోదు. పెడల్ ఒత్తిడిని ఆయిలుతో క్లచ్‌కు చేర్చే సిలిండర్‌ను అనుమానించాను, అందులోని గాలి తీశాను, సాయంత్రం దాకా ఆయిలుతో ఆడుకున్నాను. చివరికి గేర్‌బాక్సును మళ్లీ దించితే, ఇంజను చివర తిరిగే ఫ్లైవీల్ బోల్టుల తలల మీద గుండ్రంగా మెరిసే గీత కనిపించింది. ప్లేటు మధ్య భాగం నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ పొడుచుకొచ్చి బోల్టులను రాసుకుంటోంది. నేను వెడల్పు కొలిచానే గానీ మందం చూడలేదు.

అందుకే ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు ఉండే కవరు, ప్లేటు, పెడల్ తొక్కితే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ ఒకే బండివి ఒకే సెట్టుగా ఉండాలంటాను. ఆ రోజు వేసిన ప్లేటు, తర్వాత వేసిన సరైన ప్లేటు రెండూ ఈ బల్ల మీద పెట్టాను. వెర్నియర్ కూడా ఉంది. వచ్చి, ఈసారి మధ్యలో కొలవండి.